గాలానికి వార్నిష్

ఆ రోజుల్లో నాకు చేతకాని పని ఈ భూమ్మీద లేదని నాకు గట్టి నమ్మకం. ఇరవై ఒక్క ఏళ్ళ వయసు, పెట్టెలో ఐటీఐ సర్టిఫికెట్టు, చొక్కా జేబులో టెస్టరు. జేబులో టెస్టరు పెట్టుకొని తిరిగే కుర్రవాడికి కనిపించిన ప్రతి వస్తువునూ ఒకసారి విప్పి చూడాలనే ఉంటుంది. ఇప్పుడు ఖమ్మం పక్కన ఖానాపురం హవేలీలో సొంతంగా మోటారు వైండింగ్ షాపు నడుపుకుంటున్నాను. పొట్ట కాస్త ముందుకొచ్చింది, నమ్మకం కాస్త వెనక్కిపోయింది. తెలియదు అని చెప్పడం కూడా పనిలో భాగమేనని అర్థమైంది. అది అర్థం కావడానికి ఒక గాలం, ఒక పడవ, మా మేస్త్రి పరువు కావలసి వచ్చాయి. అందులో నా పరువు ఎందుకు లేదో చివరికి మీకే తెలుస్తుంది.

మాది చండ్రుగొండ దగ్గర ఒక చిన్న ఊరు. ఏటా ఎండాకాలం మా బోరు మోటారు కాలిపోయేది. దాన్ని పైకి తీయించి, ఆటోలో వేసుకొని, షాపుల ముందు పడిగాపులు కాసి కాసి మా నాన్న విసిగిపోయాడు. ఇంట్లోనే ఒక వైండర్ ఉంటే ఈ పీడ ఉండదని నన్ను ఆ పనిలో పెట్టాడు. (నేను పని నేర్చుకునేసరికి మా ఊళ్ళో కరెంటు బాగుపడి మోటార్లు కాలడం తగ్గిపోయింది. నాన్న ఇప్పటికీ నా వంక అదో రకంగా చూస్తాడు.) అట్లా నేను మణుగూరులో ఒక వైండింగ్ షాపులో చేరాను. షాపు యజమానిని అందరూ వార్నిష్ మేస్త్రి అనేవాళ్ళు. ఆయన పక్కన కూర్చుంటే వార్నిష్ వాసన, ఆయన బండి వెళ్ళిపోయినా వార్నిష్ వాసన, చివరికి ఆయన తెచ్చిన ఇడ్లీలోనూ అదే వాసన.

మోటారు వైండింగ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. మోటారు కాలితే లోపలి రాగి తీగంతా మాడిపోతుంది. దాన్ని పీకేసి కొత్త తీగ చుట్టి, సందుల్లో దించి, కాటన్ టేపుతో కట్టి, పైన వార్నిష్ పోసి, బల్బుల పెట్టెలో ఆరబెడతాం. మోటారు తిరిగేటప్పుడు లోపల ఒక్క చుట్టు కదిలినా ఒకదానికొకటి రాసుకొని మళ్ళీ కాలుతుంది. అందుకని మా మేస్త్రికి ఈ సృష్టిలో అన్నిటికంటే పెద్ద పాపం తీగ కదలడం. చుట్టడం ఎవడైనా చుడతాడు, కదలకుండా పట్టించినవాడే పనిమంతుడు అని రోజుకు రెండుసార్లైనా అనేవాడు. నేను కూడా ఆ మతంలో కలిసిపోయాను. కలిశానే గాని, రెండేళ్ళయినా నాకు దొరికింది మాడిన తీగ పీకడం, ఇన్సులేషన్ కాగితం కత్తిరించడం, ఇంటి ఫ్యాన్లు, మిక్సీలు మాత్రమే. పెద్ద మోటారు ముందు స్టూలు వేసుకొని కూర్చునే హక్కు మేస్త్రిది. ఆ స్టూలు మీద నేను కూర్చోవాలి, మొదటి చుట్టు నుంచి చివరి ముడి దాకా నా చేతుల మీదుగా ఒక్క మోటారు లేవాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే. పెళ్ళి చేసుకోవాలని కూడా అంతగా లేదు.

అట్లాంటి సమయంలో మా షాపుకు పంపుల సారు వచ్చాడు. ఆయన అక్కడి ఒక కాలనీకి నీళ్ళందించే పంపుహౌసు ఇంజనీరు. వాళ్ళది కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి సత్తుపల్లి దగ్గర స్థిరపడిన కుటుంబం. మాట మెత్తగా ఉండేది. మనిషికి చేపల పిచ్చి. తినే పిచ్చి కాదు, పట్టే పిచ్చి. ఆదివారం వస్తే గోదావరి ఒడ్డున గాలం వేసుకొని కూర్చునేవాడు. ఆ ఏడు విశాఖపట్నం నుంచి సముద్రపు గాలాలకు బిగించే పెద్ద రీలొకటి తెప్పించుకున్నాడు. దాంతోపాటు వంద గజాల పైచిలుకు సన్నటి ఉక్కు తీగ చుట్ట. పడవను మెల్లగా నడిపిస్తూ వెనకాల ఎరను నీళ్ళలో ఈడ్చుకుంటూ పోతారట, దాన్ని ట్రోలింగ్ అంటారట. పెద్ద వాలుగలు మడుగుల అడుగున ఉంటాయి. నైలాన్ దారం పైపైనే తేలిపోతుంది. ఉక్కు తీగ అయితే తన బరువుకు తానే అడుగుకు దిగి, ఎరను తిన్నగా వాలుగ నోటి ముందు పెడుతుందని సారు చెప్తుంటే మేస్త్రీ నేనూ నోళ్ళు తెరుచుకొని విన్నాం.

చిక్కేమిటంటే ఆ ఉక్కు తీగ మహా పొగరుబోతు. చుట్ట కట్టు తెంచగానే స్ప్రింగులా లేచి, క్వార్టర్ హాలంతా పరుచుకొని, సోఫా కాళ్ళకూ మేడంగారి కుట్టుమిషనుకూ చుట్టుకుందట. మేడంగారు కత్తెర తీసుకొని వచ్చేలోపు సారు దాన్ని ఎట్లాగో కాపాడుకొని, తీగతో కాపురం చేసేవాళ్ళు ఊళ్ళో ఎవరా అని ఆలోచించి మా దగ్గరికి తెచ్చాడు. కింద కొంచెం నైలాన్ చుట్టి, దానికి ఈ తీగను ముడివేసి, బాగా బిగువు మీద వరసగా చుట్టాలని, ఎక్కడా వదులు ఉండకూడదని, ఒక్క చుట్టు కూడా పైకి లేవకూడదని మరీ మరీ చెప్పాడు. మేస్త్రి నవ్వి, ఆ ముక్క మాకు చెప్పాల్నా సార్ అన్నాడు. ఆ క్షణంలో సారు ఇంకో ముక్క చెప్పి ఉండవలసింది. చుట్టిన తీగ మళ్ళీ బయటికి రావాలని. కానీ ఎవరు చెప్తారండీ అట్లాంటిది? నీళ్ళ బిందె కొనేటప్పుడు దీనికి పైన మూతి ఉండాలని చెప్పి కొనం కదా.

మేస్త్రి చేతిలో అప్పుడు అర్జంటు మోటారు ఉంది. రీలు నా ముందు పెట్టాడు. సారు బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి నాతో అన్నాడు.

"పంపుహౌసుల పెద్ద మోటరు శబ్దం మారింది. నేడో రేపో మన దగ్గరికే వస్తది. ఇది మంచిగ చేసి సారు తోని బాగుందనిపియ్యి. ఆ మోటరు కాడ నువ్వే కూసుందువు."

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. (మర్నాడు రెట్టింపు తిన్నాను, అది వేరే సంగతి.) పొద్దున్నే రీలును కాయిల్ చుట్టే మిషనుకు బిగించాను. తీగను రెండు మందపాటి గుడ్డ ముక్కల మధ్య నుంచి నడిపించి, ఆ గుడ్డలను కర్ర క్లిప్పుతో నొక్కి పెట్టాను. అట్లా అయితే తీగ వదులు కాకుండా బిగువు మీదే వస్తుంది. పిడి తిప్పుతూ ఒక్కో చుట్టు పక్కన ఒక్కో చుట్టు, గోటితో సర్దుకుంటూ, ఒక వరస పూర్తయ్యాక దాని మీద ఇంకో వరస. ఉక్కు తీగ రాగిలాగా మాట వినదు, కొంచెం ఏమరితే మెలికపడుతుంది, మెలికపడ్డ చోట తెగుతుంది. నేను ఏమరలేదు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. నిజం చెప్పాలంటే ఆ పని చాలా బాగా కుదిరింది. అక్కడితో ఆగి, చేతులు కడుక్కొని, టీ తాగి ఉంటే ఈ కథ లేదు, నేను చెప్పేదీ లేదు.

కానీ రీలు మీద నుంచి క్లిప్పు తీయగానే పైవరస తీగ కొంచెం పైకి లేచింది. ఒక్క చుట్టు కూడా లేవకూడదన్నాడు కదా సారు. చేపను లాగేటప్పుడు ఇట్లా లేస్తే? ఆయన పరువేం కావాలి, నా మోటారేం కావాలి? ఇంకో వృత్తివాడైతే అక్కడ కాసేపు తల గోక్కునేవాడు. నేను వైండర్‌ను. నా చెయ్యి దానంతట అదే వార్నిష్ డబ్బా మీదికి వెళ్ళింది. లోపలి వరసలకు కూడా దిగేలా మెల్లగా, ధారగా పోశాను. రీలు పక్కల మీద, పిడి మీద చుక్క పడకుండా కాగితం అడ్డం పెట్టుకున్నాను, అంత జాగ్రత్త. మోటారు కాయిల్‌కు కనెక్షన్ కోసం కొస వదిలినట్టే దీనికీ రెండు బారల తీగ కొస వదిలి, దానికి ఎర్ర స్లీవ్ గొట్టం కూడా తొడిగాను. తర్వాత పూత మీద పూత వేస్తూ రోజంతా బల్బుల పెట్టెలో ఆరబెట్టాను. తీసి చూస్తే తేనె రంగులో తళతళలాడుతోంది. (మోటార్లలో కరెంటు లీకేజీ పట్టే మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూద్దామా అని కూడా ఒక నిమిషం అనిపించింది. అంత తెలివితక్కువ పని నేను చేయను కాబట్టి మానుకున్నాను.)

మేస్త్రి వచ్చాడు. రీలు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు, గోటితో గీరాడు, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూశాడు. రాయి మీద కొట్టినట్టు వినిపించింది. రెండేళ్ళలో ఆయన నా పని చూసి పెదవి విరవడమే గాని ఇంకో మాట అన్నది లేదు. ఆ రోజు మాత్రం గిది పని అంటే, గిట్ల ఉండాలె అన్నాడు. సారు వచ్చి చూశాడు. పిడి తిప్పాడు, చక్కగా తిరిగింది. ఎర్ర స్లీవ్ ఎందుకోయ్ అని అడిగాడు గానీ, అది ఏదో అలంకారమనుకొని ముచ్చటపడ్డాడు. ఇంత నీటుగా ఫ్యాక్టరీ వాళ్ళు కూడా చుట్టరని మెచ్చుకొని, ఆదివారం మీరిద్దరూ పడవ మీదికి రావాలని పిలిచాడు. నేను ఆ వారమంతా పంపుహౌసు మోటారును మనసులో నాలుగుసార్లు చుట్టేశాను.

ఆదివారం పొద్దున గోదావరి రేవుకు వెళ్ళాం. వానలు వెనకబట్టి నీళ్ళు తేటపడ్డ రోజులు, అవతల అడవి పచ్చగా ఉంది. ఇంజను బిగించిన నాటు పడవ ఒకటి, దాన్ని నడిపే పెద్దాయన ఒకడు. ఆయన్ను అందరూ సరంగు మామ అనేవాళ్ళు. చేతి గాలంతో బతుకంతా చేపలు పట్టినవాడు. సారు చేతిలోని రీలును చూసి, ఇదేందని అడగకుండా, ముట్టుకోకుండా, ఒకసారి తలూపి ఊరుకున్నాడు. మడుగు దగ్గరికి రాగానే ఇంజను తగ్గించాడు. సారు చెంచాలాంటి వెండి రంగు ఎరను తీగ కొసకు కట్టి, పడవ వెనక నిలబడి, రీలు గడియ తీసి, తీగ ఒక్కసారిగా దూకకుండా బొటనవేలు దాని మీద ఆనించి, మాకు కూడా పాఠం చెప్తూ ఎరను నీళ్ళలోకి వదిలాడు.

ఎర రెండు బారలు వెళ్ళింది. రీలు అర చుట్టు తిరిగి ఆగిపోయింది. సారు బొటనవేలు తీసేశాడు. రీలు కదల్లేదు. గడియ పడిందేమోనని మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ తీశాడు. పడవ తన దారిన పోతూనే ఉంది, ఆ వెండి చెంచా మా వెనకే రెండు బారల దూరంలో నీళ్ళ మీద ఎగిరెగిరి పడుతోంది. సారు తీగను చేత్తో పట్టి లాగాడు. రుమాలు చుట్టుకొని లాగాడు. కాళ్ళు తన్నిపెట్టి లాగితే పడవ ఒరిగింది గాని తీగ రాలేదు. సరంగు మామ అప్పటిదాకా మాట్లాడనివాడు, ఇంజను చప్పుడు ఇంకా తగ్గించి చాలా మర్యాదగా అడిగాడు.

"తీగ రాకుంటే మానె సార్. నేనే పడవను చేప కాడికి తీస్కపోవాల్నా?"

నాకు అప్పుడు అర్థమైంది. తలెత్తి మేస్త్రి వంక చూశాను. ఆయన కూడా సరిగ్గా అప్పుడే నా వంక చూశాడు. మా ఇద్దరికీ ఒకే గడియలో జ్ఞానోదయమైంది, ఆ జ్ఞానంతో నడి గోదావరిలో చేయగలిగింది ఏమీ లేదు. సారు రీలును ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన చూశాడు. గోటితో గీకాడు. తేనె రంగు పొట్టు ఒకటి లేచింది. ఆయన కోప్పడలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

"వార్నిష్ ఎవరు వేశారండీ దీనికి?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్ళు పడవలో ఇద్దరం. నేను నోరు తెరిచేలోపే మేస్త్రి చెప్పేశాడు అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. ఒడ్డున ఇసుకతిన్నె మీద ఒక కొంగ నిలబడి ఉంటే నేను దాన్ని చాలా శ్రద్ధగా చూస్తూ ఉండిపోయాను. దాని కాళ్ళు, ముక్కు, అది మెడ తిప్పే తీరు ఈనాటికీ గుర్తున్నాయి. నా కళ్ళ ముందు ఉన్నది కొంగ, మనసులో ఉన్నది పంపుహౌసు మోటారు. నేనే వేశానంటే ఆ స్టూలు ఇంక నాకు దక్కదు. అప్పుడు నా పక్క నుంచి మేస్త్రి గొంతు వినిపించింది.

"నాదే తప్పు సార్. షాపుల అలవాటు. కదలకుండ ఉండాలని నేనే వేపిచ్చిన."

సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టి నవ్వడం నవ్వడం, పడవ అంచు పట్టుకొని కూలబడిపోయేదాకా నవ్వాడు. గాలానికి తీగ బయటికి పోవడమే కదండీ పని అంటాడు, మళ్ళీ నవ్వుతాడు. సరంగు మామ మాత్రం నవ్వకుండా తన చేతి గాలం వేసి, మేము రేవుకు చేరేలోపు రెండు జెల్లలు పట్టి మా మేస్త్రి చేతిలో పెట్టాడు. పరామర్శకు వచ్చినవాళ్ళు పండ్లు పెట్టినట్టు పెట్టాడు. మేస్త్రి వాటిని కాదనలేక తీసుకున్నాడు.

సారు మంచివాడే. కానీ మంచివాడి నోట్లో కూడా అట్లాంటి కథ ఆగదు. రెండు రోజుల్లో కాలనీ అంతా, వారంలో మణుగూరంతా తెలిసిపోయింది. టీ కొట్టు దగ్గర మేస్త్రి కనిపిస్తే, చెప్పుకు కూడా ఒక పూత వేయకపోయినవా, ఊడకుండ ఉంటది అనేవాళ్ళు. పెళ్ళి విందులో, మేస్త్రికి చేపల కూర వద్దులే, ఆయనకు బయటికి రాదు అని ఒకాయన అందరి ముందూ అన్నాడు. మేస్త్రి ప్రతిసారీ నవ్వి ఊరుకునేవాడు. నేను పక్కనే ఉండి, ఆయన కంటే ఒక వీసం ఎక్కువే నవ్వేవాడిని. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

ఇంక అసలు విడ్డూరం వినండి. ఆ మధ్యలో సారు ఆ తీగను రీలు మీద నుంచి ఊడబెరకాలని మూడు రోజులు కుస్తీ పట్టాడట. వేడి నీళ్ళలో వేశాడు, కిరోసిన్‌లో నానబెట్టాడు, సుత్తితో కొట్టాడు. చివరికి రంపం పెట్టి కోయవలసి వచ్చింది. నాలుగో రోజు పంపుహౌసు పెద్ద మోటారు లారీలో మా షాపు ముందు దిగింది. అంత గట్టిగా పట్టించేవాళ్ళకు కాకపోతే ఇంకెవరికిస్తామండీ అన్నాడట సారు. మేస్త్రి స్టూలు తెచ్చి మోటారు ముందు వేశాడు, నన్ను కూసో అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. నీ చేతుల పని ఉంది, యాడ ఆపాల్నో తెల్వలే, గంతే అని తన పని చూసుకోవడానికి పోయాడు. నేను కూర్చున్నాను. ఆ మోటారు చాలా ఏళ్ళు ఒక్క మరమ్మతు లేకుండా తిరిగింది. దాని ఖ్యాతి నాకొచ్చింది, గాలం ఖ్యాతి మేస్త్రికి మిగిలిపోయింది.

తర్వాత నేను ఖమ్మం వచ్చేశాను, షాపు పెట్టుకున్నాను, పెళ్ళయింది, పిల్లలు. కొంగను ఎక్కడ చూసినా మొహం పక్కకు తిప్పుకునేవాడిని. క్షమాపణ చెప్పాలని ఏటా అనుకోవడం, పనులున్నాయని మానేయడం. మొన్న ఈ మధ్య మేస్త్రికి మోకాళ్ళ ఆపరేషన్ అయిందని తెలిసి మణుగూరు వెళ్ళాను. మంచం మీద కాళ్ళు చాపుకొని ఉన్నాడు. వార్నిష్ వాసన పోయి మందుల వాసన వస్తోంది. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ గడగడా చెప్పేశాను. ఆ రోజు నేను నోరు విప్పలేదని, నా తప్పు నువ్వు నెత్తిన వేసుకున్నావని, పదిహేనేళ్ళ నుంచి ఇది నన్ను తింటూ ఉందని.

ఆయన నన్ను వింతగా చూశాడు. నా మీద వేసుకునుడు ఏంది, అబద్ధం ఏమాడిన అన్నాడు. నువ్వు తెచ్చి చూపిస్తివి, నేను కొట్టి చూస్తి, బాగుందంటి, ఇద్దరం చూసినా తట్టలే, షాపు నాది, వార్నిష్ అలవాటు చేసింది నేను, తప్పెవనిది మరి అని అడిగాడు. పదిహేనేళ్ళు నేను త్యాగమనుకొని మోసిన బరువు ఆయన దృష్టిలో మామూలు షాపు లెక్కేనని తేలింది. నేను లేవబోతుంటే మేస్త్రి చెయ్యి పట్టి ఆపాడు. ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకుంటున్న మాట అని ముందుకు వంగి, గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు. ఎన్ని పూతలు వేసినవ్ దానికి?"

"మూడు, మేస్త్రీ."

ఆయన తృప్తిగా దిండుకు ఆనుకున్నాడు. అదే అనుకున్న, రెండిటికి గట్ల పట్టది అన్నాడు. క్షమాపణ చెప్పుకోవడానికి ముప్పై ఆరేళ్ళ వయసులో అంత దూరం వెళ్ళాను గాని, ఆ ఒక్క మాటకు నా లోపలి ఇరవై ఒక్క ఏళ్ళవాడు పొంగిపోయాడు. బస్సెక్కి కొత్తగూడెం దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ ఉన్నాను. పక్క సీటాయన కాస్త అవతలికి జరిగి కూర్చున్నాడు.